ఇంట్లో చెట్టు కప్ప: వరంగల్ వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హనుమకొండలో ఉంటాను. ఏడేళ్లుగా మా ఇంట్లో ఒక చెట్టు కప్ప ఉంది. పేరు బుజ్జమ్మ. తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట రాస్తే మేలనిపించి ఇది రాస్తున్నాను. ఇందులో చాలా జవాబులు ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి. కప్ప నోటితో నీళ్లు తాగదు. పొట్ట అడుగున, తొడల దగ్గర ఉండే పల్చటి చర్మంతో పీల్చుకుంటుంది. గాలి కూడా కొంత ఆ చర్మం నుంచే అందుతుంది. అందుకే మన నీళ్లు, మన ఎండ, మన చేతులు, మన ఇంట్లో పొగ అన్నీ దాని ఒంట్లోకి నేరుగా వెళ్తాయి. ఇది మనసులో పెట్టుకుని చదవండి.

మా బాత్రూం గోడకు ఒక చెట్టు కప్ప అతుక్కుని ఉంటోంది. దాన్నే పట్టి పెంచుకోవచ్చా?

వద్దు. మన ఇళ్లలో కనిపించేది దాదాపు ఎప్పుడూ మన దేశపు చెట్టు కప్పే. శాస్త్రవేత్తలు దాన్ని పాలిపెడేటిస్ మాక్యులేటస్ అంటారు. సున్నం వేసిన గోడల మీద తరచుగా కనిపించేది కాబట్టి ఇంగ్లీషు వాళ్లు దానికి చునాం ఫ్రాగ్ అని పేరు పెట్టారు. పగలు లేత గోధుమ రంగులో ముడుచుకుని పడుకుంటుంది, రాత్రి బయటికి వెళ్లి పురుగుల్ని తిని తెల్లారేసరికి మళ్లీ అదే మూలకు చేరుతుంది. మీ బాత్రూం దానికి ఒక మజిలీ మాత్రమే. పెట్టెలో వేస్తే అద్దానికి ముక్కు కొట్టుకుని గాయం చేసుకుంటుంది, చాలాసార్లు తిండి ముట్టదు. అడవి నుంచి తేవడం ఇంకా తప్పు. ఏటూరునాగారం, పాకాల లాంటి అభయారణ్యాల నుంచి ఏ జీవిని తెచ్చినా చట్టం ప్రకారం నేరం.

దాన్ని అక్కడే ఉండనివ్వండి. బకెట్‌లో వేడినీళ్లు పట్టే ముందు, యాసిడ్ పోసి కడిగే ముందు ఒకసారి మూలలు చూసుకోండి చాలు.

మరి పెంచుకునేది ఏ కప్ప?

పెంపకంలో పుట్టి, పెంపకానికి అలవాటు పడ్డ జాతి కావాలి. కొత్తవాళ్లకు నేను చెప్పేది వైట్స్ ట్రీ ఫ్రాగ్ ఒక్కటే. కొందరు డంపీ అని కూడా అంటారు. దీని సొంత ఊరు ఆస్ట్రేలియా, న్యూ గినీ. జాన్ వైట్ అనే సర్జన్ 1790లో దీని గురించి మొదటిసారి రాశాడు, ఆ పేరే నిలిచింది. పెద్దయ్యాక 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, అరచేతి నిండా వస్తుంది. నెమ్మదైన జీవి. చర్మం కాస్త మైనం పూసినట్టు ఉంటుంది కాబట్టి మిగతా చెట్టు కప్పల కంటే పొడి గాలిని ఎక్కువ ఓర్చుకుంటుంది. మన ప్రాంతానికి అది పెద్ద ఊరట.

ఎర్ర కళ్ల చెట్టు కప్ప ఫొటోల్లో చాలా బాగుంటుంది. కానీ దానికి ఎప్పుడూ తేమ కావాలి, కాస్త తేడా వచ్చినా తట్టుకోలేదు. మొదటి కప్పగా వద్దు.

ఇంకో విషయం కూడా ఆలోచించుకోండి. వైట్స్ ట్రీ ఫ్రాగ్‌ను బాగా చూసుకుంటే 15 ఏళ్లు, ఒక్కోసారి 20 ఏళ్లు బతుకుతుంది. ఇంటర్ చదివే పిల్లాడు కొంటే, వాడి పెళ్లయి పిల్లలు పుట్టాక కూడా అది ఉంటుంది. వాడు హైదరాబాద్‌లో హాస్టల్‌కు వెళ్లాక చూసేది ఎవరు? ఇంట్లో అమ్మను అడిగి, ఆమె నిజంగా సరే అన్నాకే కొనండి.

చట్టం ఒప్పుకుంటుందా?

జాతిని బట్టి ఉంటుంది. వన్యజీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం పేరు సైటీస్. వైట్స్ ట్రీ ఫ్రాగ్ దాని జాబితాల్లో లేదు. ఎర్ర కళ్ల చెట్టు కప్పను 2010లో ఆ జాబితాలోని రెండో అనుబంధంలో చేర్చారు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024లో వచ్చిన నియమాల ప్రకారం సైటీస్ జాబితాలో ఉన్న జీవి మీ దగ్గర ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేయించాలి. అది పిల్లలు పెట్టినా, చనిపోయినా, వేరేవాళ్లకు ఇచ్చినా తెలపాలి. ఏ జాతి కొన్నా బిల్లు తీసుకోండి, అందులో జాతి పేరు రాయించండి. ఆస్ట్రేలియా తన జీవుల్ని వ్యాపారం కోసం బయటికి పంపనివ్వదు. కాబట్టి ఎవరైనా "ఆస్ట్రేలియా అడవి నుంచి తెప్పించాం" అంటే అక్కడ కొనకండి.

కొనేటప్పుడు ఏం చూడాలి?

సాయంత్రం వెళ్లండి. పగలు అన్ని కప్పలూ పడుకునే ఉంటాయి, ఆరోగ్యం తెలియదు. కళ్లు తేటగా ఉండాలి, తొడల్లో కండ కనిపించాలి, పొట్ట కింద ఎరుపు ఉండకూడదు. మీ ముందు ఒక పురుగు వేసి తినిపించమనండి. నేను మొదట కొన్న కప్ప తొమ్మిది రోజులకే పోయింది. ఆ దుకాణంలో ఆరు కప్పల్ని ఒకే ప్లాస్టిక్ డబ్బాలో, మురికి నీళ్లలో ఉంచారు. చూస్తూనే నాకు అనుమానం వచ్చింది, అయినా దాని మీద జాలితో కొన్నాను. జాలితో కొంటే అలాంటి చోటికి మళ్లీ ఇంకో ఆరు వస్తాయి.

పెట్టె ఎంత పెద్దది ఉండాలి?

చెట్టు కప్పకు పొడవు కంటే ఎత్తు ముఖ్యం. ఒకటి రెండు కప్పలకు 45 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 60 ఎత్తు బాగుంటుంది. రెడీమేడ్ దొరక్కపోతే అక్వేరియంలు చేసే గ్లాసు షాపులో చేయించుకోవచ్చు. పైన సన్న జాలి మూత పెట్టించండి. అద్దాలు అతికించే సిలికాన్‌కు పుల్లటి ఘాటు వాసన ఉంటుంది. ఆ వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం వారం, కప్పను అందులో వేయకండి.

లోపల అడ్డంగా రెండు మూడు లావు కొమ్మలు పెట్టండి. బుజ్జమ్మ బరువుకు సన్న కొమ్మలు వంగిపోతాయి. మనీ ప్లాంట్ చక్కగా బతుకుతుంది. నర్సరీ నుంచి తెస్తే ఆకులు, వేర్లు బాగా కడిగి, మట్టి మార్చి నాటండి, మందు కొట్టి ఉంటారు. అడుగున కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) వేస్తే దాన్ని రెండు మూడు నీళ్లలో కడగాలి, ఉప్పు ఉంటుంది. గులకరాళ్లు వద్దు. పురుగు మీదికి దూకినప్పుడు రాయి కూడా మింగేస్తుంది, అది పేగులో అడ్డం పడుతుంది. కొత్తలో తడి టిష్యూ పేపర్ వేయడం అన్నిటికంటే మేలు, రెట్ట ఎలా ఉందో కూడా కనిపిస్తుంది.

ఏ నీళ్లు పోయాలి? నల్లా నీళ్లు సరిపోతాయా?

నేరుగా పోయకండి. మిషన్ భగీరథ నీళ్లైనా, మున్సిపాలిటీ నీళ్లైనా క్లోరిన్ కలిపి వస్తాయి. మనకు మంచిదే, కప్ప చర్మానికి మంట. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో పట్టి, మూత లేకుండా ఒక రోజంతా ఉంచితే క్లోరిన్ పోతుంది. తొందరైతే చేపల షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వాడొచ్చు. ఉట్టి ఆర్‌ఓ నీళ్లు వద్దు, వాటిలో లవణాలు ఉండవు. సగం ఆర్‌ఓ, సగం నిలవ ఉంచిన నల్లా నీళ్లు కలపండి. మీ బోరు నీళ్లు గిన్నెల మీద తెల్లటి పొర కట్టేంత గట్టివైతే అవి కూడా వద్దు.

రాగి చెంబులో, రాగి బిందెలో ఉంచిన నీళ్లు అసలే పోయకండి. రాగి కప్పలకు విషం. ఒంటికి మంచిదని చాలా ఇళ్లలో రాగి పాత్రలో నీళ్లు నింపి పెడుతున్నారు, ఇంట్లో పెద్దవాళ్లు మంచి మనసుతోనే అవే పోసేస్తారు. ముందే చెప్పి పెట్టండి.

గిన్నె లోతు తక్కువ ఉండాలి, కూర్చుంటే నీళ్లు దాని భుజాలు దాటకూడదు. రోజూ మార్చాలి. అది తాగేది, స్నానం చేసేది, రెట్ట వేసేది అందులోనే.

మన ఎండలకు బతుకుతుందా?

అందరూ అడిగేది ఇదే, అడగాల్సిందీ ఇదే. ఈ కప్పకు పగలు 24 నుంచి 29 డిగ్రీలు, రాత్రి ఇంకాస్త తక్కువ ఉంటే హాయి. 32 దాటి గంటల తరబడి ఉంటే ప్రమాదం. మే నెలలో మనకు బయట 43, 44 మామూలు. పైకప్పు స్లాబు ఎండకు కాలిన గదిలో అర్ధరాత్రి కూడా 35 ఉంటుంది. ఏసీ లేని ఇంట్లో, కింది అంతస్తు కూడా కాకపోతే, ఈ కప్పను తెచ్చుకోవద్దనే నేను చెబుతాను.

ఏసీ ఉన్నా కరెంటు పోతుంది. నాకు బాగా గుర్తున్న రాత్రి ఒకటుంది. బుజ్జమ్మ వచ్చాక రెండో ఎండాకాలం, సాయంత్రం గాలిదుమారం లేచి చెట్లు విరిగిపడ్డాయి, మా వీధికి కరెంటు పోయింది. రాత్రి రెండింటికి టార్చి వేసి చూస్తే పెట్టెలో 35 ఉంది. ఎప్పుడూ పై కొమ్మ మీద ఉండేది, ఆ రోజు కింద నీళ్ల గిన్నె పక్కన నేలకు పొట్ట ఆనించి పడుకుంది. చిలకపచ్చ రంగు పోయి తడిసిన బెరడు రంగుకు మారింది. గొంతు కింద చర్మం ఆగకుండా కొట్టుకుంటోంది. వంటింట్లో ఇంకా వాడని కొత్త మట్టికుండ ఉంటే దాన్ని నీళ్లలో ముంచి, చుట్టూ తడి గోనెసంచి చుట్టాను. లోపల తడి గుడ్డ పరిచి దాన్ని అందులోకి దింపి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, కిటికీ దగ్గర గాలి తగిలే చోట పెట్టాను. గంట తర్వాత థర్మామీటర్ లోపలికి దించితే 30 చూపించింది. రంజన్‌లో నీళ్లు ఎలా చల్లబడతాయో అలాగే. తెల్లారి గుడ్డ విప్పితే కుండ గోడకు అతుక్కుని, సగం పచ్చగా, నా వైపు చూస్తోంది.

అప్పటినుంచి ఏటా మార్చిలోనే రెండు కుండలు కొని పక్కన పెడతాను. మీరూ పెట్టండి. ఇన్వర్టర్ మీద ఫ్యాను నడిచేలా చూసుకోండి. గడ్డకట్టిన నీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి జాలి మూత మీద ఒక పక్కన పెట్టొచ్చు. ఐసు ముక్కలు నీళ్లలో వేయకండి, ఫ్రిజ్ నీళ్లు మీద పోయకండి. ఒక్కసారిగా చల్లబడితే తట్టుకోలేదు. కూలర్ గాలి నేరుగా పెట్టె మీదికి కొట్టనివ్వకండి. లోపలి తేమ 50 నుంచి 70 శాతం మధ్య ఉండాలి. వేడి, తేమ రెండూ చూపించే చిన్న డిజిటల్ మీటరు ఒకటి కొనండి. చేత్తో తడిమి అంచనా వేస్తే తప్పుతుంది.

చలికాలంలో?

వరంగల్‌లో పెద్ద ఇబ్బంది ఉండదు, రాత్రి కిటికీ మూస్తే సరిపోతుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు వాళ్లకు మాత్రం డిసెంబర్, జనవరిలో హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పల్చటి పట్టా) కావాలి. పెట్టె అడుగున కాకుండా పక్క అద్దానికి బయటినుంచి అంటించి, వేడి హద్దు దాటకుండా ఆపే థర్మోస్టాట్ పెట్టండి.

ఏం తింటుంది? పప్పన్నం, పాలు పెట్టొచ్చా?

అన్నం, పాలు, పండ్లు ఏవీ తినదు. కదిలే పురుగే దాని తిండి. పెంపకంలో పుట్టిన కీచురాళ్లు, డూబియా బొద్దింకలు, వానపాములు ప్రధానం. మీల్‌వర్మ్‌లు (ఒక రకం పెంకు పురుగు లార్వాలు) ఎప్పుడైనా ఒకసారి. పురుగు పొడవు కప్ప రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకుండా చూడండి. పిల్లకప్పకు రోజూ, పెద్దదానికి వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ నాలుగైదు పురుగులు. విటమిన్ డి3 కలిసిన కాల్షియం పొడి పురుగులకు అద్ది వేయాలి, లేదంటే ఎముకలు మెత్తబడి దవడ వంగిపోతుంది. పురుగులకు కూడా ముందు రోజు క్యారెట్, ఆకుకూర పెట్టండి. వాటి పొట్టలో ఉన్నదే కప్పకు అందేది.

పొలం నుంచి మిడతలు పట్టి వేయడం మన దగ్గర చాలా ప్రమాదం. చుట్టూ పత్తి, మిర్చి చేలు. ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే ఆ పంటల మీద ఎన్నిసార్లు మందు కొడతారో రైతు ఇంట్లో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. వంటింటి బొద్దింకలు కూడా అంతే, ఏ ఇంట్లో ఏ మందు తిని వచ్చాయో.

తినేటప్పుడు దగ్గర నుంచి చూడండి. మింగే క్షణంలో రెండు కళ్లూ మూసి లోపలికి దించేస్తుంది. కనుగుడ్లు నోటి పైభాగం నుంచి కిందికి వచ్చి పురుగును గొంతులోకి నెడతాయి. మా ఇంటికి వచ్చిన పిల్లలు అది చూసి వాళ్లు కూడా కళ్లు మూసుకుని మింగుతారు.

లావైపోయింది. ముద్దొస్తోంది, ఫరవాలేదా?

ఫరవాలేదు అనుకోవద్దు. ఈ జాతి కప్ప ఎంత పెట్టినా తింటుంది. కళ్ల వెనక, చెవి పొర మీద ఒక మడత ఉంటుంది. అది కొద్దిగా కనిపిస్తే సరే, కంటి మీదికి వేలాడితే కొవ్వు ఎక్కువైనట్టు. వారానికి ఒక పూట తగ్గించండి. బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా మీద నెలకోసారి తూచి రాసి పెట్టుకోండి.

చేతిలోకి తీసుకోవచ్చా?

పెట్టె కడిగేటప్పుడు తప్ప వద్దు. మన చేతి మీద ఉప్పు, సబ్బు, హ్యాండ్ శానిటైజర్, ఊదు వాసన, పొద్దున రాసుకున్న నూనె అన్నీ దానికి అంటుతాయి. ముట్టక తప్పకపోతే నిలవ ఉంచిన నీళ్లతో చేతులు కడిగి, తడి చేతులతోనే పట్టుకోండి. తర్వాత సబ్బుతో కడుక్కోండి. కప్పల ఒంటి మీద సాల్మొనెల్లా అనే, మనకు జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు. ఐదేళ్ల లోపు పిల్లల్ని అస్సలు ముట్టనివ్వకండి.

ఆ పెట్టె ఉన్న గదిలో దోమల బత్తి, లిక్విడ్ మెషిన్, బొద్దింకల స్ప్రే, సాంబ్రాణి ధూపం ఏవీ వాడకూడదు. దోమతెర కట్టుకోండి. మా అమ్మ శుక్రవారం ధూపం వేసేటప్పుడు ఆ గది తలుపు దగ్గరికి వేసి వెళ్తుంది.

కప్పను ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయంటారు కదా?

రావు. పులిపిర్లు మనుషుల్లో ఒకరి నుంచి ఒకరికి సోకే వైరస్ వల్ల వస్తాయి. ఈ కప్ప భయపడితే చర్మం మీద తెల్లటి ద్రవం వస్తుంది, అది కంట్లో పడితే మండుతుంది, అంతే.

చర్మం ఊడి నోట్లోకి వెళ్తోంది. జబ్బా?

కాదు, కుబుసం. ఒళ్లు వంచుతూ, నోరు ఆవలిస్తూ, ముందు కాళ్లతో పల్చటి పొరను నోట్లోకి లాక్కుని తినేస్తుంది. పది నిమిషాల్లో అయిపోతుంది. ఆ సమయంలో కదిలించకండి. కానీ పొరలు పొరలుగా ఊడి ఒంటికే అతుక్కుని ఉంటే అది జబ్బు గుర్తు కావచ్చు.

రాత్రి అరుస్తోంది. ఎవరైనా కంప్లెయింట్ చేస్తారేమో?

అరిచేది మగది. వాన పడే ముందు, మిక్సీ తిరిగినా, పక్కింటి బోరు మోటారు మోగినా జవాబిస్తుంది. అపార్ట్‌మెంట్‌లో ఉంటే పక్కవాళ్లకు ముందే చెప్పండి, పిలిచి చూపించండి. చూసినవాళ్లు కోప్పడరు.

జబ్బు చేసిందని ఎలా తెలుస్తుంది?

పెద్ద కప్ప రెండు వారాలు తినకపోతే, పగలంతా కింద పడి ఉంటే, పొట్ట, తొడలు ఎర్రబడితే, ఒళ్లు నీరు పట్టినట్టు ఉబ్బితే, వెల్లకిలా వేస్తే తిరగలేకపోతే ఆలస్యం చేయకండి. వేరే డబ్బాలో తడి టిష్యూ మీద ఉంచి, ఫొటోలు, వీడియో తీసి కప్పల్ని చూసే డాక్టర్‌కు పంపండి. అలాంటి డాక్టర్లు ఎక్కువగా హైదరాబాద్‌లోనే ఉంటారు. అవసరం పడ్డాక వెతికితే టెన్షన్. కప్పను కొనకముందే ఒక నంబరు పట్టుకోండి. పసుపు రాయకండి, ఉప్పునీళ్లు పోయకండి, మనం వాడే ఆయింట్‌మెంట్లు పూయకండి. నొప్పి తగ్గించే మందు కలిసిన ఆయింట్‌మెంట్ కప్పను చంపేస్తుంది.

ఇక పెంచలేను. భద్రకాళి చెరువులో వదిలేయొచ్చా?

దయచేసి వదలకండి. భద్రకాళి, వడ్డేపల్లి, పాకాల, లక్నవరం, మీ ఊరి కుంట, ఎక్కడా వద్దు. కైట్రిడ్ అనే ఒక బూజు కప్పల చర్మానికి పట్టి, లవణాలు లోపలికి వెళ్లకుండా చేసి గుండె ఆగేలా చేస్తుంది. 1998లో పనామా, ఆస్ట్రేలియా అడవుల్లో కుప్పలుగా చచ్చిన కప్పల మీద దాన్ని గుర్తించారు. ఎన్నో జాతులు దాని వల్లే కనుమరుగయ్యాయి. మనుషులు కప్పల్ని దేశాలు దాటించడం దాని వ్యాప్తికి ఒక పెద్ద కారణం. పైకి ఆరోగ్యంగా కనిపించే పెంపుడు కప్ప కూడా దాన్ని మోసుకెళ్లొచ్చు. కాకతీయుల కాలం నుంచి ఒకదానికొకటి కలిసి ఉన్న చెరువులు మనవి, ఒక చెరువు నీళ్లు అలుగు పోసి ఇంకో చెరువుకు చేరతాయి. అందుకే పెట్టె కడిగిన నీళ్లు కూడా నేను కాలువలో పోయను. బ్లీచింగ్ పౌడర్ కలిపి కాసేపు ఉంచి, బాత్రూం టాయిలెట్‌లో పోస్తాను.

పెంచలేకపోతే అమ్మినవాళ్లకే తిరిగి ఇవ్వండి, లేదా ఇప్పటికే పెంచుతున్నవాళ్లకు ఇవ్వండి. పెట్టె, మీటరు, కాల్షియం డబ్బా కూడా కలిపి ఇస్తే తీసుకునేవాళ్లు దొరుకుతారు.

కొనకుండా, పెట్టెలో వేయకుండా కప్పల్ని చూసే దారి ఉందా?

ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. మా నాయనమ్మ ఊరు నర్సంపేట దగ్గర. జాలారి పక్కన ఒక పాత గోలెం ఉండేది, దాని మీదికి జామకొమ్మ వంగి ఉండేది. వానలు మొదలయ్యాక ఒక పొద్దున ఆ కొమ్మ ఆకుల మధ్య సబ్బు నురగ ముద్దలాంటిది వేలాడింది. ఎవరో గుడ్డలు ఉతికి నురగ చల్లారనుకుని కడగబోయాను. నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఆపి, "కప్ప గుడ్లు బిడ్డా, ముట్టకు" అంది. చెట్టు కప్ప తన ఒంటి ద్రవాన్ని కాళ్లతో చిలికి ఆ నురగ చేస్తుంది. పైన ఎండి గట్టిపడుతుంది, లోపల గుడ్లు తడిగా ఉంటాయి. కొన్ని రోజులకు కింది వైపు నురగ కరిగి, తోకపిల్లలు ఒక్కొక్కటిగా టప్, టప్ అని గోలెంలో పడ్డాయి. వానల కోసం రోకలికి కప్పను కట్టి కప్పతల్లి అని ఇంటింటికీ తిప్పిన ఊరే అది. అదే ఊళ్లో ఆ నురగను ఎవరూ ముట్టలేదు.

మీకు పెరడు ఉంటే, లేదా మేడ మీద కుండీల్లో మొక్కలు ఉంటే, జూన్‌లో ఒక వెడల్పాటి తొట్టిలో వాన నీళ్లు పట్టి, మీదికి ఆకులు వంగేలా ఒక మొక్క పక్కన పెట్టండి. దోమల కోసం మందు, కిరోసిన్ వేయకండి. గంబూసియా చేపలు కూడా వద్దు, తోకపిల్లల్ని తినేస్తాయి. తోకపిల్లలు కనిపించాక తొట్టి ఖాళీ చేయకండి, కాళ్లు రావడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. అవి బయటికి ఎక్కి వెళ్లడానికి తొట్టి అంచుకు ఒక గరుకు కర్ర ఆనించి పెట్టండి.